బీపీ కార్డుల మీద అమ్మమ్మ పెట్టిన చుక్కలు

ఈ భూమ్మీద లెక్క తప్పనివాళ్లు ఇద్దరే ఉన్నారు. ఒకరు మా అమ్మమ్మ. రెండోవాళ్లెవరో ఇంకా వెతుకుతున్నాను. రేపు సూర్యుడు ఎన్నింటికి వస్తాడో పేపర్లో వేసేముందు ఒకసారి మా అమ్మమ్మకు చూపించుకుంటే పేపరుకూ మంచిది, సూర్యుడికీ మంచిది.

ఈ మాట అంటున్నది పన్నెండో తరగతి లెక్కల పరీక్షకు రెండుసార్లు వెళ్లి, మూడోసారి వెళ్లకుండా ఫ్లెక్సీలు అచ్చువేసే షాపులో చేరిపోయిన మనిషి. కాబట్టి కాస్త తగ్గించుకుని చదువుకోండి. మరీ ఎక్కువ తగ్గించకండి. నేను కోపంతో రాస్తున్నాను. పోయిన వేసవిలో ఎనిమిది వారాల పాటు మా అమ్మమ్మకు జరిగింది వింటే మీకూ కోపం రావాలి. రాకపోతే ఒకసారి బీపీ చూపించుకోండి. చూపించుకునే ముందు అక్కడ మిషను పనిచేస్తోందో లేదో అడగండి.

మా అమ్మమ్మ ఒక పెద్దాసుపత్రి బీపీ క్లినిక్‌లో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తా. కిటికీ పక్కన ఇనప బల్ల, దాని ఒక కాలు పొట్టి. ఆ కాలి కింద మడతపెట్టిన అట్టముక్క. ఎదురుగా హెడ్‌నర్సు కూర్చుని రోగి చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టేది, అంకె చెప్పేది. అమ్మమ్మ దాన్ని పసుపుపచ్చ కార్డు మీద గడిలో రాసేది. రోజుకు ఎనభై, తొంభై కార్డులు. ఆ హెడ్‌నర్సును మేమంతా సిస్టరమ్మ అంటాం. ముప్పై ఒక్క ఏళ్లు మూడడుగుల దూరంలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషుల మధ్య ఎంత స్నేహం ఉంటుందో, ఎన్ని తగాదాలుంటాయో మీరే ఊహించుకోండి. కిటికీ ఎంతమేర తెరవాలన్న ఒక్క విషయం మీదే వాళ్లు రెండుసార్లు మాటలు మానేశారు.

రిటైరైన మరుసటి నెలలోనే అమ్మమ్మ డిగ్రీలో చేరింది. ఇంట్లో అందరం నోళ్లు తెరిచాం. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక ఏడాది చదివి, వాళ్ల నాన్నకు పక్షవాతం రావడంతో ఆపేసి ఉద్యోగం వెతుక్కున్న మనిషి. ఆ మిగిలినదేదో ఇప్పుడు పూర్తి చేస్తానంది. అది కూడా స్టాటిస్టిక్స్.

"ఈ వయసులో ఎందుకమ్మా?" అని మా అమ్మ అడిగితే, "ఏ వయసులోనో చెప్పు, ఆ వయసులోనే చదువుతాను" అంది.

దూరవిద్య. ఇంట్లోనే చదువుకోవడం, ఏడాదికోసారి పరీక్షలు. ఆరేళ్లలో ముగించాలని నిబంధన. ఆరేళ్లు దాటితే పాసైన సబ్జెక్టులు కూడా చెల్లవు. అమ్మమ్మ ఐదేళ్లలో అన్నీ పాసై, ప్రాజెక్టు ఒక్కటీ మిగుల్చుకుంది. ప్రాజెక్టుకు గైడు కావాలి. అరవై నాలుగేళ్ల విద్యార్థినికి గైడుగా ఉండటానికి ఎవరూ ముందుకు రాలేదు. ఒకాయన అయితే "మీరు నన్ను కొట్టేలా ఉన్నారండీ" అన్నాడట. ఆయన లెక్క కూడా తప్పలేదు.

ఆరో ఏడు వచ్చేసింది. అప్పుడు దొరికింది బయోస్టాటిస్టిక్స్‌లో వేసవి శిక్షణ, తను పనిచేసిన ఆసుపత్రిలోనే. బయోస్టాటిస్టిక్స్ అంటే జబ్బుల లెక్కల చదువు. ఏ మందు ఎంతమందికి పనిచేసింది, పనిచేసిందని ఎలా నమ్మాలి, అలాంటివి. డిగ్రీ చదివే పన్నెండుమంది పిల్లల్ని ఎంచుకుని ఎనిమిది వారాలు పరిశోధన నేర్పిస్తారు. పొద్దున పాఠం, మధ్యాహ్నం ముగ్గురేసి కలిసి ఒక ప్రాజెక్టు. చివరి శుక్రవారం గోడకు పోస్టరు తగిలించి వచ్చినవాళ్లకు వివరించడం. గైడు సంతకం పెడితే దాన్నే డిగ్రీ ప్రాజెక్టుగా తీసుకుంటారు. ఆ సంతకం పడితే అమ్మమ్మ పట్టభద్రురాలు. పడకపోతే ఆరేళ్ల చదువు చెత్తబుట్టలోకి. విషయం అంతే.

దరఖాస్తులో "మీరెందుకు చేరాలనుకుంటున్నారు?" అని ఒక పేజీ నింపమన్నారు. మిగతా పిల్లలు ఆ పేజీ నిండా మానవాళిని ఉద్ధరించారు. అమ్మమ్మ ఒక్క వాక్యం రాసింది. "ముప్పై ఒక్క ఏళ్లు నేను రాసిన అంకెలను ఆ తర్వాత ఎవరేం చేశారో చూడాలని ఉంది."

తీసుకున్నారు. తీసుకున్నందుకు వాళ్లిప్పుడు తల పట్టుకుని ఉంటారు.

మొదటిరోజు గేటు దగ్గర కొత్త గార్డు ఆవిడను రోగులు కూర్చునే హాల్లోకి పంపించాడు. టోకెన్ కూడా ఇచ్చాడు. అమ్మమ్మ ఆ టోకెన్ పట్టుకుని క్లాసులోకి వెళ్లేసరికి పదకొండుమంది పిల్లలూ టీచరనుకుని లేచి నిలబడ్డారు. కూర్చోమంది. కూర్చున్నారు. తర్వాత అసలు సారు వస్తే ఎవరూ లేవలేదు. ఆ సారుకు ఆ రోజే మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుందని నా అనుమానం.

ఆయనకు పిల్లలు పెట్టిన పేరు సగటు సారు. ఏది చూపించినా "సగటు ఎంత?" అనేవాడు. మనిషి చెడ్డవాడు కాదని అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది. పాఠం బాగా చెప్పేవాడట. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు, మూడూ ఒకే రంగు. అమ్మమ్మ జట్టులో ఇంకా ఇద్దరు. ఒకడు తలుపు కింద వంగి వచ్చేంత పొడుగు, వాడు జిరాఫీ. ఒక అమ్మాయి దళసరి కళ్లద్దాలు పెట్టుకునేది, ఆమె సోడాబుడ్డి. ఈ పేర్లు నేను పెట్టినవి కావు, వాళ్లే ఒకరికొకరు పెట్టుకున్నారు. అమ్మమ్మకు వాళ్లు పెట్టిన పేరు సీనియరు.

మొదటి నాలుగు వారాలు ఇంట్లో మాకు నరకం. కంప్యూటరులో గ్రాఫు గీయడం నేర్చుకుని, మా ఇంట్లో ఎవరు బాత్రూంలో ఎంతసేపుంటారో గ్రాఫు గీసి ఫ్రిజ్‌కు అంటించింది. మా నాన్న గీత మిగతావాళ్ల గీతలకు అందనంత ఎత్తులో ఉంది. పి-విలువ అంటే ఏమిటో నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అర్థమైంది, మూడుసార్లూ వేరేగా.

ఐదో వారంలో కథ మారింది.

వాళ్ల జట్టుకిచ్చిన ఫైలు ఒక బీపీ క్లినిక్‌ది. పాత కార్డుల మీది అంకెలన్నీ ఎవరో టైపు చేసి పెట్టారు. పేర్లు తీసేసి కార్డు నంబర్లు మాత్రం ఉంచారు, ఏ క్లినిక్కో కూడా రాయలేదు. ఆరువందల నలభైమంది రోగులు, నెలకోసారి చొప్పున ఆరు నెలలు వచ్చారు. ప్రశ్న ఏమిటంటే, అక్కడిచ్చే బీపీ మాత్ర వేసుకున్నవాళ్ల బీపీ నెలనెలా నిలకడగా ఉందా, ఎగిరెగిరి పడిందా. కంప్యూటరు జవాబు చెప్పింది. పదిమందిలో ఏడుగురికి నిలకడగా ఉంది. జిరాఫీ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ట్యూబ్‌లైటు తలకు తగిలింది.

అమ్మమ్మ మాత్రం ఫైలును పైనుంచి కిందికి చదువుతోంది. పిల్లలెవరూ ఫైలు చదవరు. ఫైలును కంప్యూటరే చదువుతుంది, వాళ్లు జవాబు చదువుతారు. అమ్మమ్మ కార్డుల మనిషి. వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుతూ పోయింది. ఒక వరుస దగ్గర వేలు ఆగింది. మూడో నెల 152, 96. నాలుగో నెల 152, 96. ఐదో నెల 152, 96.

"సోడా, ఇటు చూడవే" అంది.

"నిలకడగా ఉంది సీనియర్. మంచిదేగా."

"ఇదే మనిషికి ఇప్పుడొకసారి, టీ తాగొచ్చి ఒకసారి చూస్తే రెండూ ఒకలా ఉండవు. మూడు నెలలు ఒకలా ఎలా ఉంటుంది? మనిషి రక్తమా, గోడ గడియారంలో ఆగిపోయిన ముల్లా?"

కింద ఇంకో వరుస అలాగే ఉంది. ఇంకొకటి. తేదీలు చూసింది. నాలుగో నెల తేదీలు రెండుసార్లు చదివింది. అది మిషను రిపేరుకు వెళ్లిన ఏడు. అది తన క్లినిక్. ఆ ఫైలంతా తన చేతిరాత.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, లేకపోతే మా అమ్మమ్మను మీరు కూడా తిడతారు.

ఆ క్లినిక్‌లో ఉన్నది ఒకటే మిషను. ఆ ఏడు దాని పట్టీ చిరిగి, గాలి నిలవక, రిపేరుకు వెళ్లి నలభై రోజులు తిరిగిరాలేదు. పక్క వార్డువాళ్లు వారానికి రెండు రోజులు తమది అరువిచ్చేవాళ్లు. మిగతా రోజుల్లో వచ్చిన రోగులకు బీపీ చూసే దారి లేదు. చూడకపోతే కార్డులో గడి ఖాళీగా ఉంటుంది. గడి ఖాళీగా ఉంటే మందుల కౌంటరువాడు మాత్రలివ్వడు. అది ఆసుపత్రి నిబంధన. మిషను పాడైతే ఏం చేయాలో చెప్పే నిబంధన మాత్రం ఎవరూ రాయలేదు. రోగులు రెండు బస్సులు మారి వచ్చి, నాలుగు గంటలు వరుసలో నిలబడి, మాత్రల్లేకుండా వెనక్కి వెళ్లాలి. మాత్రలు ఆపేస్తే కొందరు ఇంటికి కూడా చేరరు.

సిస్టరమ్మా అమ్మమ్మా ఒక పద్ధతి పెట్టుకున్నారు. మిషను లేని రోజు పోయిన నెల అంకెనే గడిలో రాసేయడం, దాని కింద పెన్నుతో ఒక చుక్క పెట్టడం. చుక్క ఉంటే కొలిచింది కాదని అర్థం. రోగికి మాత్రలు దొరికేవి. మరుసటి నెల డాక్టరు కార్డు తెరిస్తే చుక్క చూసి, "ఇది లెక్కలోకి రాదు" అని దాటేసేవాడు. ఆ క్లినిక్‌లో అందరికీ తెలుసు. రాసి గోడకు అంటించలేదు, అంతే.

తర్వాతెప్పుడో ఆ కార్డుల్ని కంప్యూటరెక్కించినవాళ్లు అంకెలు టైపు చేశారు. చుక్కలు టైపు చేయలేదు. సిరా మరకలనుకుని ఉంటారు.

అమ్మమ్మ వెంటనే సగటు సారు గదికి వెళ్లింది. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

"చుక్కలు ఫైల్లో లేవు కదండీ."

"ఫైల్లో లేవు సార్. కార్డు మీద ఉన్నాయి."

"మనకిచ్చింది ఫైలండీ. మనం పనిచేసేది ఫైలు మీద. ఎనిమిది వేసవులుగా ఈ ఫైలు మీదే పిల్లలు నేర్చుకుంటున్నారు. ఎవరికీ రాని సందేహం మీకెందుకొచ్చింది?"

"ఎవరూ అది రాయలేదు సార్. నేను రాశాను."

ఆయన కుర్చీ చూపించాడు. ఆ తర్వాత నాకు ఇప్పటికీ ఒళ్లు మండే మాట అన్నాడు. "అలా అయితే అది మీరు చేసిన తప్పుడు రాత అవుతుంది. ఆ మాట బయటికి రావడం మీకే మంచిది కాదు. పోస్టరు అడుగున చిన్నక్షరాల్లో, కొన్ని కొలతల్లో లోపాలు ఉండొచ్చు అని ఒక లైను వేద్దాం. శుక్రవారం మీ ఫారం తీసుకురండి, సంతకం పెడతాను."

పెద్దరికంగానే అన్నాడట. కొందరు బెదిరించేటప్పుడు కూడా కుర్చీ చూపించి కూర్చోమంటారు.

అమ్మమ్మ ఆ సాయంత్రమే సిస్టరమ్మ ఇంటికి వెళ్లింది. నా స్కూటరు మీదే. సిస్టరమ్మ తలుపు తీసి, టీ పెట్టి, విషయం విని, కప్పు బల్ల మీద టక్కున పెట్టింది.

"చుక్కల సంగతి ఎత్తావంటే నాతో మాట్లాడకు."

"ఎత్తకపోతే ఆ మాత్ర పదిమందిలో ఏడుగురికి పనిచేస్తుందని రాస్తారే."

"రాసుకోనీ. మనల్ని దొంగల్ని చేస్తారు. పెన్షను తీసుకుంటూ హాయిగా కూర్చున్నదాన్ని. నా కోడలి ముందు నన్ను నిలబెడతావా?"

"నిలకడగా ఉందనుకుని రేపు ఏ డాక్టరో నెలకోసారి రానక్కర్లేదు, ఆర్నెల్లకోసారి వస్తే చాలంటాడు. అప్పుడు?"

"నువ్వు డిగ్రీ చదివి పాడైపోయావు. ఇదివరకు ఇంత మొండిదానివి కావు."

"ఇదివరకూ ఇంతే. కిటికీ విషయంలో మర్చిపోయావా?"

సిస్టరమ్మ లేచి వంటగదిలోకి వెళ్లింది. మేం బయటికొచ్చేదాకా మళ్లీ ఇవతలికి రాలేదు.  తిరిగొస్తూ దారిలో ఎర్ర లైటు దగ్గర అమ్మమ్మ, "సంతకం పడకపోతే మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఇంకో ఆరేళ్లు. అప్పటికి డెబ్బై" అంది. నాతో కాదు, లైటుతో.

మర్నాడు అమ్మమ్మ శిక్షణ మొదటిరోజు ఇచ్చిన కాగితాలన్నీ తీసి చదివింది. పన్నెండు పేజీల అనుమతి పత్రం. మనలాంటివాళ్లం సంతకం ఎక్కడ పెట్టాలో చూసి మిగతాది వదిలేస్తాం. తొమ్మిదో పేజీలో ఉంది. విద్యార్థులు అవసరమైతే మూల కార్డులను కూడా పరిశీలించవచ్చు, రికార్డు గదిలో, పని వేళల్లో.

రికార్డు గది ఎక్కడుందో తెలుసా? అదే భవనంలో. రెండంతస్తులు కింద. ఎనిమిది వేసవులు, వేసవికి పన్నెండుమంది, అంటే తొంభై ఆరుగురు. ఈ గుణకారం నేనే చేశాను, అమ్మమ్మ సరిచూసింది. తొంభై ఆరుగురిలో ఒక్కరూ మెట్లు దిగలేదు. సారు కూడా దిగలేదు. దిగివస్తే మోకాళ్లు అరిగిపోతాయా అని నేనడుగుతున్నాను. అరిగే మోకాళ్లున్న మనిషే దిగింది.

సోడాబుడ్డి కూడా వెళ్లింది. జిరాఫీ కూడా బయల్దేరాడు గాని, కింద గదికి కప్పు తక్కువ ఎత్తు, రెండు దెబ్బలు తిని పైకొచ్చేశాడు. దుమ్ము, ఎలుకలు కొట్టిన అట్టపెట్టెలు, ఒకే బల్బు. మూడు మధ్యాహ్నాలు కూర్చుని ఆరువందల నలభై కార్డులు తిరగేశారు. అమ్మమ్మ కార్డు నంబరూ అంకే చదివి "చుక్క" అనేది, సోడాబుడ్డి ఫైల్లో గుర్తుపెట్టేది. చుక్క, చుక్క, లేదు, చుక్క.

"సీనియర్, ఈ చుక్క పెద్దగా ఉందేం?"

"అది సిస్టరమ్మది. ఆవిడకు కోపమొచ్చిన రోజు పెన్ను నొక్కేది."

మొత్తం ఐదువందల డెబ్బై ఒక్క చుక్కలు. ఆ అంకెలు పక్కనపెట్టి, మిగిలిన వాటితో సోడాబుడ్డి లెక్క మళ్లీ కట్టింది. నిలకడగా ఉన్నది పదిమందిలో నలుగురికి.

ఏడుగురు కాదు, నలుగురు. ఆ మిగతా ముగ్గురు ఎవరి ఇళ్లలోనో కణతలు పట్టుకుని కూర్చున్నారు, పోస్టరులో మాత్రం కులాసాగా ఉన్నారు.

సోడాబుడ్డి ఆ కాగితం పట్టుకుని సారు దగ్గరికి వెళ్లింది. ఆయన చూశాడు. చూసి, సమయం లేదన్నాడు. పోస్టరు అచ్చుకు వెళ్లిపోయిందన్నాడు. వెళ్లింది నిజమే. వచ్చింది మా షాపుకే. నేనే అచ్చువేశాను. మూడడుగుల వెడల్పు, నీలి రంగు, మధ్యలో పదిమంది రోగుల అంకెలు పెద్దక్షరాల్లో, పైన మూడు పేర్లు. అమ్మమ్మ పేరు మూడోది. అడుగున ఆ చిన్నక్షరాల లైను కూడా ఉంది. చదవాలంటే భూతద్దం కావాలి.

"అమ్మమ్మా, నేను ఏడును నాలుగు చేసేస్తాను. రెండు నిమిషాల పని" అన్నాను.

"వాళ్ల పోస్టరు నువ్వు దిద్దితే, నా కార్డు వాళ్లు దిద్దినట్టే. ముట్టుకోకు. నీళ్లు పడ్డా చెరగని పెన్ను ఒకటి ఇవ్వు."

నల్లది లావుపాటిది ఇచ్చాను. చేతిసంచిలో వేసుకుంది, సంతకం కావాల్సిన ఫారంతో పాటు.

శుక్రవారం హాలు నిండిపోయింది. నాలుగు గోడలకూ పోస్టర్లు. ప్రతి పోస్టరు పక్కన ముగ్గురేసి విద్యార్థులు గంటసేపు నిలబడాలి. బయటి నుంచి ఒక పెద్దావిడ పరీక్షకురాలిగా వచ్చింది, పొట్టి జుట్టు, చేతికర్ర. సగటు సారు ఆవిడ వెంటే నడుస్తూ ఒక్కో పోస్టరు గురించి చెప్తున్నాడు.

వాళ్లు పక్క పోస్టరు దగ్గరుండగానే అమ్మమ్మ సంచిలోంచి పెన్ను తీసింది. పోస్టరు మధ్యలో ఉన్న పదిమంది రోగుల అంకెల్లో, తనకు తెలిసిన వాటి కింద, వరుసగా చుక్కలు పెట్టుకుంటూ పోయింది. తొందరేమీ లేదు. ముప్పై ఒక్క ఏళ్లు అలవాటైన చెయ్యి. పదమూడు చుక్కలు. జిరాఫీ కళ్లు మూసుకున్నాడు. సోడాబుడ్డి కళ్లద్దాలు తుడుచుకుంది.

పరీక్షకురాలు వచ్చి నిలబడింది. "ఈ చుక్కలేమిటి?"

"కొలవనివండి" అంది అమ్మమ్మ. "మిషను లేని రోజుల్లో పాత అంకె దించి రాసినవి. గడి ఖాళీగా ఉంటే మాత్రలిచ్చేవాళ్లు కాదు. రాసింది నేనే. కార్డుల మీద చుక్కలున్నాయి, ఫైల్లో పోయాయి. అవి తీసేస్తే ఏడుగురు నలుగురవుతారు. ఆ లెక్క ఈ అమ్మాయి దగ్గరుంది."

సోడాబుడ్డి కాగితం అందించింది. పెద్దావిడ కర్ర గోడకు ఆనించి, కాగితం మొత్తం చదివింది. తర్వాత సారు వైపు తిరిగింది.

"మీరు కార్డులు చూశారా?"

"ఎనిమిదేళ్లుగా ఇదే ఫైలు మేడమ్. ఎవరూ అడగలేదు."

"నేను అడిగింది అది కాదు."

సారు మొహం కందగడ్డయింది. పెద్దావిడ ఆ పోస్టరు తీయించింది. కార్డులతో సరిచూసేదాకా ఆ ఫైలు ఎవరూ వాడకూడదని రాయించింది. ఇంతవరకు బాగానే ఉంది కదా. ఇప్పుడు వినండి.

హాలు ఖాళీ అయ్యాక అమ్మమ్మ ఫారం తీసి సారు ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. "దొంగ అంకెలు రాశానని అందరి ముందూ మీరే ఒప్పుకున్నారు. మీ పని నిజాయితీగా ఉందని నేనెలా సంతకం పెట్టను?" అన్నాడు.

రెండు మెట్ల వరుసలు దిగని మనిషి. కొలవనిది కొలిచినట్టు ఎనిమిది పోస్టర్లు వేయించిన మనిషి. నిజాయితీ ఆయన జేబులో నాలుగో పెన్ను కాబోలు.

"పెట్టకండి. కానీ ఆ ముక్క రాసివ్వండి" అంది అమ్మమ్మ. ఆయన రాసివ్వలేదు. రాస్తే చదివేవాళ్లుంటారని ఈపాటికి ఆయనకు తెలిసొచ్చింది.

పదకొండుమందికీ సర్టిఫికెట్లిచ్చారు. ఒకరికి ఇవ్వలేదు. జిరాఫీ తనది తీసుకోనని మొండికేస్తే అమ్మమ్మే తిట్టి తీసుకోమంది. నేనైతే ఆ సారు చొక్కా మీద అదే పెన్నుతో ఐదువందల డెబ్బై ఒక్క చుక్కలు పెట్టేదాన్ని. నన్ను రానివ్వలేదు, షాపులో వేరే పనుందన్నారు.

మూడు రోజులకు సిస్టరమ్మ ఫోన్ చేసింది. కబురు ఆవిడదాకా వెళ్లింది. అమ్మమ్మకు చెవి కొంచెం మందం, స్పీకరు పెట్టి మాట్లాడుతుంది, అందుకే నేను వినాల్సొచ్చింది. మామూలుగా నేను వినను.

"దొంగ అన్నారా?"

"అన్నారు."

"నా సంగతి చెప్పావా?"

"లేదు. అన్నీ నేనే రాశానన్నాను. నీ పెన్షను నీ దగ్గరే ఉంది, నీ కోడలి ముందు నువ్వు కూర్చునే ఉన్నావు. పెట్టెయ్."

 సిస్టరమ్మ గొంతు లేచింది, అంత కోపంగా నేనెప్పుడూ వినలేదు. "అన్నీ నీవెలా అవుతాయే? సగం నావి. నేను పెట్టిన చుక్కలు కూడా నీ లెక్కలో వేసుకుంటావా?"

మర్నాడు పొద్దున్నే సిస్టరమ్మ ఆసుపత్రికి వెళ్లి, సగటు సారు గది ముందు బెంచీ మీద కూర్చుంది. ఆయన వచ్చేదాకా కూర్చుని, వచ్చాక, పెద్ద చుక్కలన్నీ తనవని రాసి, సంతకం చేసిన కాగితం ఆయన బల్ల మీద పెట్టింది. రాని మిషను కోసం ఆ నలభై రోజుల్లో తను రాసిన ఆరు ఉత్తరాల నకళ్లు కూడా పెట్టింది. ఆ ఉత్తరాలకు ఆ రోజుల్లో ఎవరూ జవాబివ్వలేదు. వాటి మీద కూడా ఎవరైనా ఒక పోస్టరు వేస్తే బాగుండు. షాపు ఓనరు ఒప్పుకుంటే నేను ఉత్తినే అచ్చువేస్తాను.

సోడాబుడ్డి ఇప్పుడు ఆ క్లినిక్ మిగతా కార్డుల్లోని చుక్కలు కూడా కంప్యూటరెక్కిస్తోంది. తలుపు కింద వంగీ వంగీ జిరాఫీ కూడా దిగుతున్నాడు. సందేహమొస్తే అమ్మమ్మకు ఫోన్ చేస్తారు. మరకా, చుక్కా అని. అమ్మమ్మ ఫొటో పంపమని చెప్పి, చూసి తేలుస్తుంది. అందుకు ఆవిడకు ఏ సర్టిఫికెట్టూ లేదు.

మొన్న విశ్వవిద్యాలయం నుంచి మార్కుల కాగితం వచ్చింది. పదిహేడు సబ్జెక్టులు, అన్నీ పాసు. పద్దెనిమిదో గడిలో, ప్రాజెక్టు అన్నచోట, సున్నా. కింద ఒక ముద్ర. గడువు ముగిసింది. ఎనిమిది వారాల్లో ఒక్కరోజూ మానని మనిషికి సున్నా. మా అమ్మ ఏడ్చింది. మా నాన్న బాత్రూంలోకి వెళ్లిపోయాడు. నేను ఆ కాగితం చింపేస్తానని లేచాను.

అమ్మమ్మ నా చేతిలోంచి లాక్కుంది. కళ్లద్దాలు పెట్టుకుని పద్దెనిమిది గడులూ వేలు పెట్టి చదివింది. సున్నా దగ్గర వేలు ఆగింది. పెన్ను తీసి, సున్నా కింద ఒక చుక్క పెట్టింది. నొక్కి, పెద్దగా, సిస్టరమ్మ పెట్టినట్టు. తర్వాత నాకిచ్చి, ఫ్రేము కట్టించుకురమ్మంది. ఇప్పుడది హాల్లో ఉంది, ఫ్రిజ్ మీది బాత్రూం గ్రాఫు పక్కన. మళ్లీ మొదటి సంవత్సరానికి దరఖాస్తు కూడా పెట్టింది. డెబ్బైకి ముగుస్తుంది.

ఇదంతా రాశాక నిన్న మధ్యాహ్నం అమ్మమ్మకు చదివి వినిపించాను. కాళ్లు బల్ల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని వింది. మెచ్చుకుంటుందనుకున్నాను. కళ్లు తెరిచింది.

"పోస్టర్ల రోజు హాల్లో నువ్వున్నావా?"

"లేను."

"కింద రికార్డు గదికి వచ్చావా?"

"రాలేదు. సోడాబుడ్డి చెప్పింది."

"సారు గదిలో?"

"లేను అమ్మమ్మా. అయినా అంతా నిజమేగా."

"చూడనిదంతా చూసినట్టే రాశావు. చుక్కలేవి?"